ఎర్ర కారు మీద పసుపు గీత

మా ఆయన ప్రేబెన్ అద్దె కారు వెతకడం నవంబరులో మొదలుపెట్టాడు. మేం మదీరా దీవికి వెళ్ళింది మార్చి నెలాఖరున. ఆ నాలుగు నెలలూ భోజనాల బల్ల దగ్గర మా ఇంట్లో ఇంకో మాట లేదు. ఏ కారుకి ఎన్ని తలుపులు, ఏ కంపెనీ ఎంత తగ్గిస్తుంది, ఎవరితో ఎలా మాట్లాడితే పెద్ద కారు చిన్న కారు ధరకి ఇస్తారు, ఇవే.

మాది డెన్మార్క్‌లో స్వెన్‌బోర్. ఊళ్ళో నాకు డ్రైవింగ్ స్కూలుంది. ఇరవై ఏడేళ్ళుగా నేర్పుతున్నాను. మా పోస్టుమాస్టరు, చర్చి పాస్టరు, రొట్టెల కొట్టు ఆవిడ ముగ్గురు కూతుళ్ళు, అందరూ నా పక్కన కూర్చుని గేరు మార్చడం నేర్చుకున్నవాళ్ళే. కానీ ప్రేబెన్ కారులో ఉంటే స్టీరింగ్ ప్రేబెన్‌దే. "రోజంతా అదే పని కదా లిస్బెత్ నీకు, సెలవుల్లోనైనా హాయిగా కూర్చో" అంటాడు. పెళ్ళైన కొత్తలో అది ప్రేమ అనుకున్నాను. తర్వాత అలవాటైపోయింది. పక్క సీట్లో కూర్చుని, లేని బ్రేకుని కాలితో తొక్కుతూ ముప్ఫై ఏళ్ళు యూరప్ అంతా తిరిగాను.

మదీరాకి మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాను. "అది సముద్రంలోంచి నిటారుగా లేచిన కొండ. మన దగ్గరలాగా బల్లపరుపు నేల కాదు. పాత రోడ్లు సన్నగా ఉంటాయి, ఎక్కుళ్ళు గోడల్లా ఉంటాయి. కారు చిన్నదిగా ఉండాలి, ఇంజను మాత్రం బలంగా ఉండాలి. అంతే."

"సరే సరే, అలాంటిదే బుక్ చేస్తాను" అన్నాడు.

ప్రేబెన్ గురించి ఇంకో సంగతి కూడా చెప్పాలి. వంటింటి బీరువాలు అమ్మే దుకాణం నడిపి, రెండేళ్ళ కిందట మూసేశాడు. కొనేవాళ్ళు పెట్టే తిప్పలన్నీ జీవితమంతా పడ్డాడు కాబట్టో ఏమో, తను కొనేవాడైనప్పుడు ఎదుటివాణ్ణి పిండకుండా వదలడు. హోటల్లో మొదట ఇచ్చిన గది ఎప్పుడూ తీసుకోడు. ఒకసారి ల్యూబెక్‌లో సూపు దాదాపు అంతా తాగేసి, తన తలలోంచి ఒక వెంట్రుక పీకి గిన్నెలో వేసి, వెయిటర్‌ని పిలిచాడు. బిల్లు మాఫీ అయింది. బయటికొచ్చాక ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. నేను కూడా నవ్వాను. అది దాచిపెట్టి ఈ కథ చెప్పడం నాకిష్టం లేదు.

విమానం దిగాక అద్దెకార్ల వాళ్ళ వ్యాను మమ్మల్ని ఎక్కించుకుంది. పెద్ద కంపెనీ కాదు, ఒక కుటుంబం నడుపుకునేది. కొండ తొలిచి కట్టిన రెండంతస్తుల షెడ్డు. పైన ఆఫీసు, కార్లు కడిగే చోటు. కింద కార్లు. మధ్యలో నిటారుగా ఒక ర్యాంపు. బల్ల వెనక కూర్చున్న యజమానురాలి పేరు లూసీలియా. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. తండ్రి పోయాక వ్యాపారం ఆవిడ చేతికొచ్చిందట, అది వ్యానులోనే డ్రైవరు చెప్పాడు.

లూసీలియా కంప్యూటర్లో చూసి, "మీకు తెల్ల జీపు లాంటిది, పెద్దది, ఆటోమేటిక్ బుక్ అయి ఉంది" అంది.

నేను ప్రేబెన్ వైపు చూశాను. ఆయన రెండు చేతులూ చాపి, "సర్‌ప్రైజ్!" అన్నాడు.

"నేను చెప్పిందేమిటి, నువ్వు చేసిందేమిటి?"

"ముప్ఫయ్యో పెళ్ళిరోజు లిస్బెత్! ఎత్తులో కూర్చుని మహారాణిలా చూసుకుంటూ పోదువు గాని."

"ఆ సందుల్లో అది పట్టదు."

"పట్టించేవాణ్ణి నేను కదా."

కార్లు చూపించడానికి అబీలియు అనే పెద్దాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాడు. పొట్టి మనిషి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతులు నీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. మా పెట్టెలు రెండూ తనే పట్టుకుని కిందికి నడిచాడు. తెల్ల కారు డిక్కీ ఎత్తబోయి ఆగి, "సార్, ఒక మాట..." అన్నాడు.

ప్రేబెన్ ఆగలేదు. తనే ఎత్తాడు. కుళ్ళిన చేప వాసన గుప్పున మొహానికి కొట్టింది. రెండడుగులు వెనక్కి వేసి గోడ పట్టుకున్నాను.

"ముందు తీసుకున్నవాళ్ళు బజార్లో చేప కొని చాప కింద మరిచిపోయారు సార్. రెండ్రోజులు ఎండలో ఉంది. నేను రెండుసార్లు కడిగాను, వెనిగర్ పోసి రుద్దాను. ఇవాళ ఇవ్వొద్దనే చెప్పాను" అన్నాడు అబీలియు.

"ఏమయ్యా, ఇందులో శవాల్ని మోస్తారా మీరు?" అని ప్రేబెన్ గొంతు పెంచాడు. కావాలని తల డిక్కీలో పెట్టి, బయటికి తీసి, వాంతి చేసుకుంటున్నట్టు నటించాడు. నిజంగా వికారం పుట్టినవాళ్ళు అలా చేయరు. ఆయన కళ్ళల్లో మెరుపు నాకు తెలుసు. బేరానికి ఒక పిడి దొరికినప్పటి మెరుపు అది.

లూసీలియా కిందికొచ్చి క్షమాపణ చెప్పింది. పెద్ద కార్లు ఇవాళ ఇంకేవీ లేవంది. ఒక బూడిద రంగు చిన్న కారుంది, ఒక ఎర్ర ఓపెన్ టాపు ఉంది, ఏది కావాలన్నా డబ్బు బాగా తగ్గిస్తానంది. చెప్పి పైన ఎవరో పిలుస్తుంటే వెళ్ళిపోయింది.

నేను బూడిద రంగు కారు తలుపు తీసి కూర్చున్నాను. క్లచ్ తేలిగ్గా ఉంది. అద్దాల్లో అన్ని మూలలూ కనబడుతున్నాయి. అబీలియు కిటికీ దగ్గరికొచ్చి, "బలమైన ఇంజను మేడమ్. మా ఊరి ఎక్కుళ్ళకి ఇదే సరైనది. నేనైతే ఇదే తీసుకుంటాను" అన్నాడు. నాలుగు నెలల్లో నా మనసులో మాట అన్న మొదటి మనిషి ఆయనే.

"ఇదే తీసుకుందాం" అన్నాను.

"కూరగాయలు తెచ్చుకోవడానికి పనికొస్తుంది" అన్నాడు ప్రేబెన్. అప్పటికే ఎర్ర కారు చుట్టూ తిరుగుతున్నాడు. పాత మోడలు. గేర్లు చేత్తో వేసుకోవాలి, హ్యాండ్‌బ్రేకు కూడా చేత్తో లాగేదే. "దీన్ని ఒకసారి పైదాకా నడిపి చూస్తాను."

"నేను తెస్తాను సార్ పైకి. ఈ ఎక్కుడు కొంచెం మొండిది" అన్నాడు అబీలియు.

"నలభై ఏళ్ళుగా నడుపుతున్నాను. నువ్వు నేర్పుతావా నాకు?" అని తాళం ఆయన చేతిలోంచి లాక్కున్నాడు ప్రేబెన్. అబీలియు పైన ర్యాంపుకి అడ్డంగా ఇంకో కారుంటే తీయడానికి వెళ్ళాడు.

నేను పెట్టెల దగ్గర నిలబడి చూస్తున్నాను. ప్రేబెన్ ర్యాంపు సగం దాకా ఎక్కి, పైన కారు ఇంకా అడ్డు తొలగలేదని ఆగాడు. మళ్ళీ కదలబోయేటప్పుడు హ్యాండ్‌బ్రేకు ముందు వదిలేసి, క్లచ్ తర్వాత వదిలాడు. మొదటి వారం పిల్లలు చేసే తప్పు. కారు వెనక్కి జారింది. ఆయన కంగారులో స్టీరింగ్ తిప్పాడు. ఎడమ పక్క వెనక భాగం పసుపు రంగు వేసిన సిమెంటు స్తంభాన్ని గీసుకుంటూ దిగింది. పైన నీళ్ళ పంపు మోతలో ఆ చప్పుడు ఎవరికీ వినబడలేదు.

ఆయన కారుని కిందిదాకా జారనిచ్చి, మళ్ళీ ముందున్న చోటే పెట్టాడు. దిగాడు. గీత చూశాడు. జానెడున్నర పొడుగు, పెయింటు లేచిపోయి, పసుపు రంగు అంటుకుని ఉంది. అప్పుడాయన చేసిన మొదటి పని తలెత్తి పైకప్పు మూలలన్నీ చూడటం. ఏమిటి చూస్తున్నాడా అనుకున్నాను. కెమెరాలున్నాయేమోనని వెతుకుతున్నాడు. లేవు. బొటనవేలికి ఉమ్మి తడి చేసుకుని గీత మీద రుద్దాడు. పోలేదు. జేబులోంచి ఫోను తీసి నాలుగు ఫొటోలు తీశాడు. తర్వాత గట్టిగా పిలిచాడు.

"ఇదిగో పెద్దమనిషీ! ఇటు రా. ఏమిటిది? ఇలాంటి కారా మీరు అద్దెకిచ్చేది?"

నేను డేనిష్‌లో, "ప్రేబెన్, ఏం చేస్తున్నావు?" అన్నాను.

"నువ్వు కాసేపు మాట్లాడకు" అన్నాడు, మొహంలో నవ్వు చెరగకుండా.

అబీలియు వచ్చి వంగి చూశాడు. లూసీలియా కూడా మెట్లు దిగి వచ్చింది. ప్రేబెన్ ఫోను చూపించి, డిక్కీలో కుళ్ళు చేప, ఇక్కడ గీతలు, ఇదేనా మీ మర్యాద అని చెప్పుకుపోయాడు. లూసీలియా అంతా విని, అబీలియు వైపు తిరిగింది. గొంతు తగ్గించింది కానీ ఇంగ్లీషు మార్చలేదు, మాకు వినబడాలనే కాబోలు.

"అబీలియు గారూ, పొద్దున దీన్ని కడిగి కిందికి దించింది మీరే కదా?"

"నేనేనమ్మా."

"పోయిన నెల అద్దం విరిగింది. ఇప్పుడిది. కంటి ఆపరేషన్ తర్వాత అంతా బాగానే కనబడుతోందన్నారు."

"కనబడుతోంది." ఆయన ఆ గీత మీద వేలితో మెల్లిగా తడిమాడు. "పొద్దున ఇది లేదనే నాకు గుర్తు. తగిలితే చప్పుడైనా వినబడాలి కదా..."

"చెవులు కూడా చూపించుకోవాలేమో" అన్నాడు ప్రేబెన్ నవ్వుతూ.

ఆ మాటకి అబీలియు కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. కానీ ఆయన మొహంలో వచ్చింది కోపం కాదు, అనుమానం. తన మీద తనకే అనుమానం. ఒక చేత్తో ఒక కన్ను మూసుకుని గీత వైపు చూశాడు. తర్వాత రెండోది మూసుకుని చూశాడు. "ఏమో, నేనే అయుంటాను" అన్నాడు.

నా పక్కన ఇరవై ఏడేళ్ళుగా కొన్ని వేలమంది కూర్చున్నారు. తప్పు చేసినవాళ్ళు తప్పు ఒప్పుకోకపోవడం నేను చూడనిది కాదు. తప్పు చేయని మనిషి తనే చేశానని నమ్మడం మాత్రం అదే మొదటిసారి చూడటం.

"ప్రేబెన్, చెప్పు వాళ్ళకి" అన్నాను డేనిష్‌లో.

"చెప్పి ఏం సాధిస్తాం? వాళ్ళకి బీమా ఉంటుంది. ఆయన వాళ్ళ మనిషే. ఎవరికీ పోయేదేమీ లేదు."

"ఆయన మొహం చూడు."

"సెలవులు పాడుచేయకు లిస్బెత్."

నేనేం చేశానంటే, ఏమీ చేయలేదు. బయటివాళ్ళ ముందు మొగుడి మాట కాదనకూడదన్న ముప్ఫై ఏళ్ళ అలవాటు నా దవడలు పట్టేసింది. లూసీలియా ఎవరికో ఫోను చేసింది. అరగంటలో ఇంకో ఊరి నుంచి నల్లటి పెద్ద కారొకటి తెప్పించి, చిన్న కారు ధరకే ఇచ్చింది. పైగా ఒక వైను సీసా కాగితంలో చుట్టి ప్రేబెన్ చేతిలో పెట్టింది. అబీలియు మా పెట్టెలు ఎత్తి డిక్కీలో సర్దాడు. నా పెట్టె చక్రాలకి మట్టి ఉంటే తుడిచి మరీ పెట్టాడు. నేను "థాంక్స్" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

ప్రేబెన్ బండి కొండల్లోకి తోలాడు. ఎత్తులో కూర్చున్నాను, మహారాణిలాగే. ఈల వేసుకుంటూ నడుపుతున్నాడు. రెండు చోట్ల బస్సు ఎదురొస్తే గోడకి ఆనించి వెనక్కి తీయలేక ఆపేశాడు. బస్సు డ్రైవరే దిగి చేతులూపుతూ దారి చూపించాడు. దానికి కూడా, "వీళ్ళకి రోడ్లు వేయడం రాదు" అని వాళ్ళనే తిట్టాడు.

మధ్యాహ్నం ఒక మలుపు దగ్గర చిన్న హోటల్లో ఆగాం. రాళ్ళకి అతుక్కుని ఉండే గుల్లలు, వెల్లుల్లీ వెన్నా కొత్తిమీరా వేసి పెనం మీదే తెచ్చిపెట్టారు. ప్రేబెన్ ఒక్కో గుల్లా ఎత్తి జుర్రుకుంటూ తింటున్నాడు. వెన్న గడ్డం మీదికి కారుతోంది. తుడుచుకోడు. వేళ్ళు నాక్కుంటూ మధ్యమధ్యలో పొద్దున్నించి తను గెలిచినవన్నీ లెక్కచెబుతున్నాడు. నేను రొట్టె ముక్కని తుంచి తుంచి పళ్ళెంలో పెడుతున్నాను.

"ముసలాడి మొహం చూశావా?" అన్నాడు. "నిజంగా తనే గీశాననుకున్నాడు! ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి..." అని ఆ చేష్ట చేసి చూపించాడు. జిడ్డు చెయ్యి కంటి మీద పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వాడు.

ఎదురుగా ఉన్న ఆ మొహాన్ని నేను చూశాను. ఆ మెరిసే పెదాలు, ఆ పళ్ళ సందుల్లో కొత్తిమీర, ఆ నవ్వు. ఇన్నేళ్ళు ఈ నోటిని ముద్దుపెట్టుకున్నానా అనిపించింది. లేచాను. బల్ల మీదున్న కారు తాళం తీసుకున్నాను.

"ఎక్కడికి?"

"షెడ్డుకి. నువ్వు గీశావని చెప్పడానికి."

"జోకులు చాలు, కూర్చో."

నేను బయటికి నడిచాను. డబ్బు బల్ల మీద పడేసి వెనకే పరిగెత్తుకొచ్చాడు. నేను డ్రైవరు సీట్లో కూర్చుని ఉండటం చూసి, చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో ఎక్కాడు.

"నన్ను వాళ్ళ ముందు నిలబెడతావా?"

"నువ్వే చెబుతానంటే నేను నోరెత్తను. దారి ముప్పావుగంట ఉంది. ఆలోచించుకో."

"ఎవడో కార్లు కడిగేవాడి కోసం!"

"ఆలోచించుకో అన్నాను."

"నువ్వు కూడా అక్కడే నిలబడి ఉన్నావు కదా? అప్పుడేమైంది ఈ నీతి? వాళ్ళు వైను సీసా ఇచ్చినప్పుడు ఏమైంది?"

ఆయన అన్న మాటల్లో ఆ రోజంతటికీ నిజమైనది అదొక్కటే. నేను గేరు మార్చి మలుపు తిప్పాను. ఆ పెద్ద బండి మీద నాకు అప్పుడు ఏ కోపమూ లేదు. సందుల్లో కూడా చక్కగానే పోయింది.

షెడ్డు దగ్గర ప్రేబెన్ కారు దిగలేదు. అద్దం పైకెత్తుకుని కూర్చున్నాడు. నేనొక్కదాన్నే ఆఫీసులోకి వెళ్ళాను. లూసీలియా లేచి, "ఏమైనా ఇబ్బందా మేడమ్?" అంది.

"ఆ ఎర్ర కారు గీత మా ఆయన పెట్టింది. ర్యాంపు మీద జారి స్తంభానికి తగిలింది. నేను కళ్ళారా చూశాను."

ఆవిడ చేతిలో పెన్ను కింద పెట్టింది. తర్వాత, "అబీలియు గారు ఇంటికెళ్ళిపోయారు" అంది. "తాళాల గుత్తి నా బల్ల మీద పెట్టేసి, ఇక రానమ్మా, రేపు ఏ మనిషినైనా గుద్దితే ఆ పాపం మోయలేను అన్నారు. మా నాన్న కాలం నుంచి ఉన్నారు. ఆపాను. ఆగలేదు."

ఆయన ఇల్లు పక్క వీధిలోనే. లూసీలియా ఫోను చేసింది. పావుగంటలో వచ్చాడు. రబ్బరు బూట్లు లేవు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల తడి దువ్వుకుని వచ్చాడు, ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు. లూసీలియా వాళ్ళ భాషలో సంగతి చెప్పింది. ఆయన నా వైపు తిరిగాడు.

"మీరు చూశారా?"

"చూశాను."

"అప్పుడే?"

"అప్పుడే."

"నేను సామాను ఎక్కిస్తున్నప్పుడు కూడా మీకు తెలుసా?"

"తెలుసు."

"ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్పాను, నా కళ్ళు అయిపోయాయి అని. ఆవిడ ఏడ్చింది. మా అమ్మాయి పనిచేసే చోటికి కూడా ఫోను చేసి చెప్పింది."

"నన్ను క్షమించండి" అన్నాను.

"క్షమాపణ ఆయన చెప్పాలి మేడమ్. మీరు చెప్పాల్సింది వేరే ఉంది. అది పొద్దునే చెప్పాల్సింది." గొంతు పెంచలేదు. నన్ను చూడటం ఇష్టం లేనట్టు లూసీలియా వైపు తిరిగాడు. "నువ్వు కూడా నమ్మావు కదమ్మా."

లూసీలియా తల దించుకుంది.

మెచ్చుకుంటాడని నేను రాలేదు. కానీ లోపల ఎక్కడో ఒక మూల ఆశపడే వచ్చానని అప్పుడు తెలిసింది. ఆ ఆశ నాకే అసహ్యంగా తోచింది.

ముగ్గురం కారు దగ్గరికి వెళ్ళాం. లూసీలియా అద్దం మీద తట్టింది. ప్రేబెన్ అద్దం దించి, ఎంతో శాంతంగా, "నా భార్యకి ఈమధ్య ఆరోగ్యం బాగోవడం లేదు. నిద్ర పట్టదు. లేనివి ఉన్నట్టు ఊహించుకుంటుంది. మీరు పెద్దగా పట్టించుకోకండి" అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. నన్ను చూస్తూనే అన్నాడు. నా ఒంటి మీద ఏదో పాకినట్టయింది.

అప్పుడు అబీలియు ర్యాంపు దిగాడు. వెనకే మేం. ప్రేబెన్ కూడా దిగి వచ్చాడు, ఏం చేస్తాడో చూద్దామన్నట్టు. స్తంభం దగ్గర ఆగి అబీలియు వంగి, మోకాలి ఎత్తులో ఒక చోట వేలు పెట్టాడు. పాత గీతల మధ్య కొత్త ఎర్ర పెయింటు మచ్చ. పొద్దున నేను రెండుమూడుసార్లు దాని ముందునుంచి నడిచి కూడా చూడలేదు. ఆయన కన్ను పట్టుకుంది.

"నేను పైనుంచి కిందికి దించాను. దిగేటప్పుడు ఈ స్తంభం నాకు కుడిపక్క ఉంటుంది. గీత కారుకి ఎడమ పక్క ఉంది. ఎక్కేవాడే దీన్ని ఎడమ పక్క తగిలించగలడు" అన్నాడు. "పొద్దున ఈ మాట నాకు తట్టలేదు. నన్ను నేనే తిట్టుకోవడంలో ఉన్నాను."

ప్రేబెన్ మెడ కింది నుంచి ఎరుపెక్కుతూ వచ్చింది. చివరికి జేబులోంచి కార్డు తీసి, "ఎంతో గీసుకోండి" అని లూసీలియా వైపు చాపాడు. అబీలియుకి ఒక్క మాట చెప్పలేదు. అబీలియు ఎదురుచూశాడు కూడా. నిమిషం పైనే నిలబడి చూశాడు. తర్వాత పైకి వెళ్ళి, ఇస్త్రీ చొక్కా మీదే ఏప్రాను కట్టుకున్నాడు.

నల్ల కారు అక్కడే వదిలేసి, నేను బూడిద రంగు కారు నా పేరు మీద రాయించుకున్నాను. ప్రేబెన్ టాక్సీ పిలిపించుకున్నాడు. హోటల్లో గదులు వేరు చేయించాను. వారమంతా ఆయన ఈతకొలను పక్కన పడుకుని, కనబడినవాళ్ళందరికీ అద్దెకార్ల వాళ్ళు ఎలా దోచుకుంటారో చెబుతూ గడిపాడు. ఒక పొద్దున టిఫిను దగ్గర ఒక జర్మన్ జంటకి చెబుతుంటే విన్నాను. ఆ కథలో ఎర్ర కారు ముందే గీసుకుపోయి ఉంది. నాకు తినబుద్ధి కాలేదు. పళ్ళెం అక్కడే వదిలేసి, తాళం తీసుకుని బయటపడ్డాను.

రోజూ కొండల్లో తిరిగాను. మొదటి రెండు రోజులూ పక్క సీటు వైపు చూసుకుంటూనే నడిపాను. పక్క సీట్లో ఎవరూ లేకుండా దూరం పోవడం నాకు కొత్త. మూడో రోజు, మబ్బులు రోడ్డు మీదికి దిగిన చోట కారు ఆపి, చాలాసేపు ఏడ్చాను. ప్రేబెన్ కోసం కాదు.

ఆఖరి రోజు కారు తిరిగి ఇచ్చేటప్పుడు అబీలియు వచ్చాడు. అందరి కార్లూ చూసినట్టే చూశాడు. నాలుగు పక్కలా తిరిగి, వంగి, చక్రాలు తడిమి, డిక్కీ తీసి, మూసి. తొందరపడలేదు.

"బాగుంది" అన్నాడు.

"మీ ఆవిడ ఎలా ఉన్నారు?" అని అడిగాను.

"బాగుంది మేడమ్." కాగితం మీద సంతకం పెట్టమని పెన్ను ఇచ్చాడు. పెట్టాను. చెయ్యి చాపాలనిపించింది, చాపలేదు. ఆయన అప్పటికే ఇంకో కారు వైపు నడిచాడు.

విమానాశ్రయం వ్యానులో ప్రేబెన్ ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. "ఇంకెన్నాళ్ళు ఈ మూతిముడుపు? ఒక గీత కోసం ఇంత రాద్ధాంతమా?" అన్నాడు, పక్క సీటు మీది సంచీ తీసి చోటు చేస్తూ. నేను ఆయన్ని దాటి వెనక వరుసకి వెళ్ళాను. అక్కడ ఒక ముసలావిడ పూల మొక్కల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జరిగి నాకు చోటిచ్చింది.

ఆగస్టులో స్వెన్‌బోర్‌లో ఇల్లు అమ్మేసి, చెరో చోటికి మారాం. మా చెల్లెలు ఫోను చేసి ప్రేబెన్ అన్న మాటే అంది, "ఒక గీత కోసమా?" అని. జరిగిందంతా మొదట్నుంచి చెప్పాను, నేను థాంక్స్ చెప్పిన ముక్క కూడా వదలకుండా. అది మళ్ళీ గీత మాట ఎత్తలేదు. కొత్త ఇంట్లో కిటికీలకి పరదాలు కుట్టించావా అని అడిగింది.